చుక్క పెట్టే బాబాయి

ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే ఆయన్ను అందరూ చుక్కల బాబాయి అంటారు. ఎముక విరిగిందని అనుమానమొస్తే ఫిల్ము మూలన ఎర్ర చుక్క అంటించి డాక్టరు బల్ల మీద పెట్టడం ఇరవై రెండేళ్లుగా ఆయన పని. ఒక్క ముక్క రాసే అధికారం లేదు, చుక్క పెట్టడం వరకే. ఆ చుక్క తప్పని ఏ డాక్టరూ వేలెత్తి చూపలేదు.

ఈ ఏడు కొత్త రూలు వచ్చింది. ఎక్స్‌రే సిబ్బందిలో పరీక్ష పాసైనవాళ్లు తామే రిపోర్టు రాసి సంతకం పెట్టొచ్చు. విరగలేదని రాస్తే రోగి డాక్టరు కోసం కూర్చోనక్కర్లేదు, ఇంటికెళ్లిపోవచ్చు. "ఈ వయసులో నాకు పరీక్షలేంటి?" అని బాబాయి కొట్టిపారేసి ఊరుకున్నాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్న పిల్ల మాత్రం చదివింది, పాసైంది. ఆమెకు కిటికీ పక్కన బల్ల, పేరున్న రబ్బరు స్టాంపు ఇచ్చారు. ఆ స్టాంపు టప్పుమన్నప్పుడల్లా బాబాయికి కడుపు మండేది. మండదూ మరి! ఎముకల పేర్లు దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది ఎవరు?

ఆ రోజు మెట్ల మీద జారిపడిన కుట్టుపని ఆవిడ వాచిన మణికట్టుతో వచ్చింది. బాబాయి ఎక్స్‌రే తీశాడు. పిల్ల చూసి 'విరగలేదు' అని రాసి స్టాంపు కొట్టింది. బాబాయి ఊరుకోలేక ఆ ఫిల్మునే మళ్లీ వెలుతురుకు పెట్టి చూశాడు. బొటనవేలి మొదట్లో ఉండే చిన్న ఎముకకు అడ్డంగా వెంట్రుకంత గీత! నిజం చెప్పాలంటే, సొంత కూతురి పెళ్లిలో కూడా ఆయనకంత సంతోషం కలగలేదు. ఇప్పుడే చెబితే ఏం మజా? పన్నెండింటికి పెద్ద డాక్టరు వస్తాడు, ఆయన ఎదుటే చెబుదాం అనుకుని టీ తాగడానికి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి బెంచీ ఖాళీ. విరగలేదన్నవాళ్లు కూర్చోరన్న సంగతి అప్పుడు తట్టింది. ఆవిడ ఇవాళే ఆ చేత్తో కత్తెర పట్టుకుంటుంది.  బాబాయి బస్టాపు దాకా పరుగెత్తాడు.

"అమ్మా, ఆగు! నీ ఎముక విరిగింది. రా, కట్టు వేయించుకో."

"లేదని రాసిచ్చారుగా," ఆవిడ కాగితం చూపించింది. "ఇంతకీ మీరెవరు?"

"ఎక్స్‌రే తీసింది నేనేగా!"

"తీస్తే తీశారు. చూసింది ఆ డాక్టరమ్మ కదా."

డాక్టరమ్మట! అవతల బస్సు మలుపు తిరుగుతోంది.  బాబాయి ఫోను తీసి పిల్లకు కలిపాడు.

"అమ్మాయ్, ఆ కుట్టుపని ఆవిడ ఫిల్ము... బొటనవేలి కింద ఎముక చూడు. గీత ఉంది."

ఫోన్లో ఫిల్ము తీస్తున్న చప్పుడు వినిపించింది. "అయ్యో, ఉంది బాబాయ్! నువ్వెప్పుడు చూశావు?"



"ఆవిడకు నువ్వే చెప్పు తల్లీ. నా మాట వినడం లేదు," అంటూ ఫోను ఆవిడ చెవికి ఆనించాడు.