తొమ్మిదో నియమం

న్యాయం అంటే ఏమిటో నలుగురికీ నేర్పుదామని బోర్డు గేమ్ తయారుచేసినవాడు ఎంత తెలివితక్కువవాడో చెప్పడానికి నాకంటే నమ్మకమైన సాక్షి దొరకడు. ఆ పని చేసింది నేనే. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో రాజనీతి చెప్పుకుని బతుకుతుంటాను. పిల్లలు రాజునూ పట్టించుకోరు, నీతినీ పట్టించుకోరు, హాజరు పడ్డాక నన్నూ పట్టించుకోరు. అందుకే ఆదివారం మధ్యాహ్నాలు మా ముందుగదిలో చాప పరిచి, ముగ్గురిని ఆటకు పిలిచేవాణ్ణి. వారం మొత్తంలో నా మాట వినే చోటు అదొక్కటే.

ముగ్గురిలో ఒకరు వకీలు. ఆటలో ఓడిపోతున్నా వాయిదా అడిగే రకం. రెండో ఆయన మందుల షాపు భాయ్. నవ్వుతూనే ఎదుటివాడి పావును చంపుతాడు. మూడో ఆయన నిర్మల్ నుంచి వచ్చిన డ్రాయింగ్ సారు, మితభాషి. ఎక్కడెక్కడి దేశాల ఓడరేవులూ, కోటలూ ఉన్న బోర్డు గేములు ఆడి ఆడి విసుగెత్తి, మన ఊరి ఆట ఒకటి చేద్దామని నేనే ప్రతిపాదించాను. బోర్డు మీద ఊరంతా డ్రాయింగ్ సారే గీశాడు. పావులు నిర్మల్ బొమ్మలు చేసే పొనికి చెక్కతో చేయించి తెచ్చాడు.

ఒకరోజు చాయ్ తాగుతూ ఆయన తన చిన్నప్పటి సంగతి చెప్పాడు. వాళ్ల నాన్న ఎదురు మాట్లాడాడని ఊరి కమిటీ ఆ ఇంటిని వెలేసిందట.

"మంగలాయన రాలే. గిర్నిల పిండి పట్టలే. మా అవ్వ మక్కలు నానబెట్టి రోట్లేసి దంచింది. బడిల నా పక్కకు ఎవ్వలు కూసోలే. గంతే సారూ."

అలాంటి మాట విన్నవాడు ఊరుకోవాలి, లేదంటే చెయ్యి పట్టుకోవాలి. నేను పెన్ను పట్టుకున్నాను. మరుసటి ఆదివారానికి మా ఆటలో తొమ్మిదో నియమం సిద్ధమైంది. సగానికి మించి ఓట్లు పడితే ఒక ఆటగాణ్ణి వెలివేయవచ్చు. వాడు అక్కడే కూర్చోవాలి, నోరు విప్పకూడదు. వాడితో ఎవరూ మాట్లాడకూడదు. వెలి ఎత్తేయాలంటే మాత్రం మిగిలిన అందరూ ఒప్పుకోవాలి. అధికారం ఎంత క్రూరమైనదో ఆడేవాళ్లకు తెలిసిరావాలని నా ఉద్దేశం. క్రూరత్వం ఎంత సరదాగా ఉంటుందో తెలిసివచ్చింది.

మొదటి వెలి ఎవరికి? డ్రాయింగ్ సారుకే. వెలికి ఆయన పేరు చెప్పింది నేనే. "అనుభవం ఉన్నోళ్లు గదా," అని జోకు కూడా వేశాను. భాయ్ పగలబడి నవ్వాడు. సారు రెండు గంటలసేపు గోడకు ఆనుకుని, తను గీసిన ఊరినే చూస్తూ కూర్చున్నాడు. నేను నోట్‌బుక్ తీసి ఆయన ముఖం మీద మార్పులు రాసుకున్నాను. 'మొదట చిరునవ్వు. తర్వాత చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.' ఆ పనిని నేను తత్వశాస్త్రం అనుకున్నాను.

తర్వాతి ఆదివారం ఆయన వెలి ఎత్తేశాం. ఆట మొదలవగానే వకీలు గొంతు సవరించుకున్నాడు.

"ఈ వారం వెలికి మన లెక్చరర్ సారు పేరు చెప్తున్న."

"నేను భీ," అన్నాడు భాయ్.

ఇంకొక్క ఓటు కావాలి. డ్రాయింగ్ సారు చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి దించి, సంచిలోంచి కాగితం, పెన్సిల్ తీశాడు.

"జర కదలకుండ్రి సారూ. మీ ముఖం గీసుకుంట."

"ఏయ్, వెలి పడ్డోనితోని మాట్లాడొద్దు!" అని వకీలు గద్దించాడు. "తొమ్మిదో రూలు!"

 సారు రెండు గంటలూ నన్ను చూసి గీస్తూనే ఉన్నాడు.

అది చాప మీదే ముగిసిపోతే బాగుండేది. బుధవారం టవర్ సర్కిల్ దగ్గర హోటల్‌లో ముగ్గురూ కనిపిస్తే వెళ్లి వాళ్ల బల్ల దగ్గర కూర్చున్నాను.

"మూడు చాయ్ తే!" అని కేకేశాడు వకీలు.

చాయ్ తెచ్చే మనిషి మమ్మల్ని లెక్కపెట్టుకున్నాడు. "నలుగురున్నరు గదా సార్?"

"ముగ్గురమే," అన్నాడు భాయ్, నా భుజం మీదుగా గోడను చూస్తూ.

నేను నవ్వాను. అలిగితే ఓడినట్టు. పైగా రూలు రాసినవాడే రూలు మీద అలిగితే ఏం మర్యాద?

వెలి ఎత్తకుండా ఉండటానికి వాళ్లు వంతులు వేసుకున్నారు. ఒక వారం ఒకరు ఒప్పుకోరు, ఇంకో వారం ఇంకొకరు. మూడో వారానికి ఆట వకీలు ఇంటికి మారింది. బోర్డూ పావులూ వెళ్లిపోయాయి. నాకు చెప్పలేదు. చెప్పకూడదు కదా. నాలుగో వారం నాకు జ్వరం నూటమూడుకు పోయింది. ఉండేది ఒక్కణ్ణే. ఎవరైనా రాగలరా అని మా నలుగురి గ్రూపులో మెసేజ్ పెట్టాను. ముగ్గురూ చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి. ఎవరూ రాలేదు. పక్కింటి పెద్దావిడ ఆటో మాట్లాడి దవాఖానాకు తీసుకుపోయింది.

పది రోజుల తర్వాత భాయ్ ఫోన్ చేశాడు.

"సలాం సారూ, తబియత్ ఎట్లుంది?"

"బతికే ఉన్న. మెసేజ్ చూసిన్రు గదా?"

"అరే, గది మీ ఎత్తనుకున్నం! వెలి తీపిచ్చుకునేతందుకు నాటకం ఆడుతుండని వకీలు సాబ్ అన్నడు. ఫికర్ చేయకుండ్రి. గిప్పుడు మీరో ఫైసలా చెప్పాలె."

పంచాయితీ ఇదీ. ఓటు వకీలు వైపే వేస్తానని భాయ్ మాట ఇచ్చాడు. ఆఖరి నిమిషంలో మాట తప్పి, డ్రాయింగ్ సారుతో కలిసి వకీలునే వెలేశాడు. మాట తప్పిన ఓటు చెల్లదని వకీలు వాదన. అలాంటి రూలు లేదని భాయ్ వాదన. నిజానికి ఆ సంగతి నేనసలు రాయనే లేదు. ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలా వద్దా అన్నది ఆడేవాళ్ల మనస్సాక్షికి వదిలేద్దామని, కావాలనే ఖాళీ ఉంచాను.

"రాసినోళ్లు మీరే, మీ మాటే ఫైనల్," అన్నాడు భాయ్. "ఫైసలా చెప్పి ఐతారం ఆటకు వచ్చేయుండ్రి సారూ. మీ వెలి తీసేతందుకు అందరం ఒప్పుకున్నం."

నెలకు పైగా నేను ఎదురుచూసిన పిలుపు అది. ఉన్నదున్నట్టు చెప్తే చాలు, చాప మీద నా చోటు నాకు దొరుకుతుంది.

"మీరే కరెక్టు భాయ్," అన్నాను. "ఓటు చెల్లుతది. వకీలు ఎంత మొత్తుకున్నా తగ్గకుండ్రి."

డ్రాయింగ్ సారు ఫోన్ చేయలేదు. చేసి ఉంటే ఆయనకు ఏం చెప్పేవాణ్ణో ఇప్పటికీ తెలియదు. పావుగంటకు వకీలు చేశాడు. అదే పరామర్శ, అదే ప్రశ్న, అదే పిలుపు.

"న్యాయం మీ దిక్కే ఉన్నది వకీలు సాబ్," అన్నాను. "మాట తప్పిన ఓటు ఓటే కాదు. భాయ్ అందరి ముందర తప్పు ఒప్పుకునేదాక ఆయనను బోర్డు ముట్టనియ్యకుండ్రి."

"గదీ మాట! నాకెర్కే సారూ, మీరు న్యాయం తప్పరని."

తప్పనని ఆయనకు మాట ఇచ్చి, ఫోన్ పెట్టేశాను.