బెజ్జం వేసి చూసుకుని కొనండి

కన్యకాపరమేశ్వరి అంటే తిరువూరులో ఎవరూ గుర్తుపట్టరు. కన్యకమ్మ ఇనప కొట్టు అంటే మాత్రం ఆటోవాడు ఇంకో మాట అడక్కుండా మెయిన్ రోడ్డులో తెచ్చి దింపుతాడు. ఆవిడకి యాభై ఆరేళ్ళు. భర్త పోయి ఆరేళ్ళయింది. ఆయన బతికున్నప్పుడు కూడా గల్లాపెట్టె ఆయనది, బల్ల ఆవిడది. కళ్ళు మూసుకుని చేత్తో తడిమి, ఇది ఎనిమిది ఎం.ఎం. బోల్టు, ఇది పది అని చెప్పేది. తలుపు బందు బిర్రుగా ఉందో, వదులుగా ఉందో ఒక్కసారి తిప్పి తేల్చేసేది.

ఇనుముకి బెజ్జాలు వేసే డ్రిల్ బిట్ల దగ్గర మాత్రం ఆవిడకి ఏమీ తెలియదు. తెలియదన్న సంగతి కూడా తెలియదు. సైజు అడిగితే సైజు తీసి ఇచ్చేది. మంచిది అడిగితే ఖరీదైనది ఇచ్చేది. ముప్ఫై ఏళ్ళు అలాగే గడిచిపోయాయి.

ఆ ఏడు ఎండలు ముదురుతుండగా మరిది సతీష్‌కుమార్ కొత్త సరుకు దింపాడు. అతనికి బస్టాండు దగ్గర పెద్ద హోల్‌సేలు షాపు. ఊళ్ళో సగం కొట్లకి సరుకు వేసేది అతనే. నల్లటి డబ్బాలు, వాటిలో బంగారంలా పచ్చగా మెరిసిపోయే బిట్లు. "టైటానియం వదినా. ఇనుములో వెన్నలా దిగుద్ది" అన్నాడు. కన్యకమ్మ వాటిని అందరికీ కనబడేలా ముందు వరసలో పెట్టింది.

ఆ వారమే వినగడప నుంచి ఏసురత్నం వచ్చాడు. అతనికి ఊళ్ళో వెల్డింగ్ షెడ్డు ఉంది. ట్రాక్టర్ ట్రక్కులకి తొట్లు కడతాడు, మామిడి తోటలకి గేట్లు చేస్తాడు. పదిహేనేళ్ళుగా ఈ కొట్టు తప్ప ఇంకో కొట్టు ఎక్కలేదు.

"అమ్మగారూ, పది ఎం.ఎం. బిట్టు ఒకటివ్వండి. ట్రక్కు ఇనప ఛానల్‌కి బెజ్జాలు వెయ్యాలి, మందంగా ఉంది. కాస్త మంచిది చూడండి."

"ఇది పట్టుకెళ్ళు. టైటానియం అంట. నీ మనవడి దాకా వస్తుంది" అని నవ్వుతూ ఇచ్చింది కన్యకమ్మ.

మూడో బెజ్జానికి ఆ బిట్టు విరిగింది. విరిగిన ముక్క ఎగిరి ఎడమ కంటి కింద చెంపలో దిగింది. ఇంకో వేలెడు పైకి తగిలితే కన్ను పోయేదని డాక్టరు అన్నాడట. ఈ కబురు కన్యకమ్మకి తెచ్చింది ఏసురత్నం భార్య జ్ఞానమణి. మిరప కోతలు మానుకుని పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. కొట్టు ముందు చెప్పులు కూడా విడవలేదు. కొంగుకి కట్టుకున్న ముడి విప్పి, రెండు ముక్కలు బల్ల మీద పెట్టింది. ఒకదానికి ఇంకా రక్తం మరక ఉంది.

"మీరు మంచిదని ఇచ్చిందే ఇది."

కన్యకమ్మ చెయ్యి గల్లాపెట్టె మీదికి వెళ్ళింది. జ్ఞానమణి అది చూసింది.

"డబ్బులకి రాలేదమ్మా నేను. ఏడు కుట్లు పడ్డాయి. ఆ కుట్లకి మీరు కట్టే వెల ఎంత? ఇట్టాంటివి ఇంకెవరికీ అమ్మమాకండి. అది చెప్పడానికే వచ్చా." వచ్చినంత విసురుగానూ వెళ్ళిపోయింది.

కన్యకమ్మ సతీష్‌కి ఫోను చేసింది. అతను అంతా విని, "మిషను పట్టేటప్పుడు కళ్ళజోడు పెట్టుకున్నాడా? పెట్టుకోడు. గట్టిగా నొక్కి ఉంటాడు. మిషను పట్టుకోవడం రానోళ్ళకి ఏ బిట్టయినా విరుగుద్ది వదినా. నీ తప్పేముంది?" అన్నాడు.

ఆ మాట వినగానే గుండెల మీంచి బరువు దిగినట్టయింది. మధ్యాహ్నం అన్నం కూడా సయించింది. చెయ్యి కడుక్కుంటుంటే మాత్రం తన మీద తనకే రోత పుట్టింది. పదిహేనేళ్ళుగా ఇనుముతో బతుకుతున్నవాడికి మిషను పట్టుకోవడం రాదట! ఆ మాట విని తను ఊరట పడిందట!

మర్నాడు కొట్టుకి తాళం వేసింది. కొట్లో ఉన్న రకరకాల డబ్బాల్లోంచి తలా రెండు బిట్లు తీసి సంచిలో వేసుకుని వినగడప ఆటో ఎక్కింది.

ఏసురత్నం షెడ్డు ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. సగం మొహానికి కట్టు. ఆవిణ్ణి చూసి లేవబోయాడు.

"కూర్చో నాయనా. నేను క్షమాపణ చెప్పి పోదామని రాలేదు. నేర్చుకుందామని వచ్చా. ఇందులో మంచిదేదో, చెత్తేదో నాకు తెలీదు. ముప్ఫై ఏళ్ళు తెలిసినట్టు అమ్మా. నువ్వు చెప్పు."

"కళ్ళజోడు నెత్తి మీదికి నెట్టుకున్నానండి. నా తప్పూ ఉంది" అన్నాడు అతను.

"నీ తప్పు నువ్వు చూసుకో. నా తప్పు నేను చూసుకుంటా. చెప్పు."

ఏసురత్నం సంచిలోంచి ఒక పచ్చ బిట్టు తీసుకుని వెలుతురుకి ఎత్తాడు. "మొన చూడండి. రెండు అంచులున్నాయా? రెండూ సరిసమానంగా ఉండాలి. దీనికి ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఒక పక్కనే భారం పడుద్ది. బెజ్జం సాగిపోద్ది, లేకపోతే ఇది విరుగుద్ది."

తర్వాత ఒక అద్దం ముక్క తెప్పించి దాని మీద బిట్లని దొర్లించాడు. కొన్ని నున్నగా పోయాయి. పచ్చవి టకటకమంటూ ఎగిరాయి. "వంకర. చూస్తే తెలీదు, దొర్లిస్తే తెలుసుద్ది."

"మరి దీని మీద హెచ్.ఎస్.ఎస్. అని రాసుంది కదయ్యా? గట్టి ఉక్కు అనే కదా దానర్థం?"

"రాత ఎవడైనా రాస్తాడండి. నా బండి మీద పోలీస్ అని రాయించుకుంటే నేను ఎస్సైని అయిపోతానా?"

వాకిట్లో బట్టలు ఆరేస్తున్న జ్ఞానమణి మొహం అటు తిప్పుకుంది. నవ్వు కనబడకుండా అనుకుంటా.

ఆకురాయి తెచ్చి కన్యకమ్మ చేతికిచ్చాడు. "కోసే అంచు మీద ఒక్కసారి లాగండి. మంచి ఉక్కయితే ఆకురాయి జారిపోద్ది." ఆవిడ లాగింది. ఒక పాత కంపెనీ బిట్టు మీద ఆకురాయి గాజు మీద జారినట్టు జారింది. పచ్చదాని మీద బెల్లం గీరినట్టు గీరుకొచ్చింది. పచ్చ రంగు లేచిపోయి లోపల తెల్లటి మెత్త ఇనుము బయటపడింది.

"అయితే రంగున్నవన్నీ మోసమేనా?"

"కాదండి. మంచివాళ్ళూ వేస్తారు రంగు. అది నిజం పూతైతే బిట్టు ఎక్కువ కాలం ఆగుద్ది. లోపల సరుకు లేకుండా రంగేస్తేనే మోసం. స్టీలు రెయిలింగులకైతే కోబాల్టు కలిపినవి ఉంటాయి, అవి వేరు. అన్నిటికంటే పెద్ద సాక్ష్యం బెజ్జం. వేసి చూడండి."

"నేనా?"

కన్యకమ్మ ఎన్ని డ్రిల్లింగ్ మిషన్లు అమ్మిందో లెక్క లేదు. ఒక్కదాని బటనూ నొక్కలేదు. లేచి కొంగు బిగించింది. జ్ఞానమణి వచ్చి మేకుకి తగిలించిన కళ్ళజోడు తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

ఛానల్ ముక్క మీద పంచ్ పెట్టి సుత్తితో చిన్న గుంట కొట్టి, నూనె చుక్క వేసి, స్పీడు తగ్గించి మిషను ఇచ్చాడు ఏసురత్నం. మొదట పాత కంపెనీ బిట్టు. మిషను చేతుల్లో కోడెదూడలా గుంజింది. తర్వాత కుదురుకుంది. మొనకి రెండు పక్కలా ఇనుము సన్నటి చుట్టలుగా, జంతికల్లా లేచింది. బెజ్జం పడింది. తర్వాత పచ్చది. అది కీచుమంది. చుట్టలు రాలేదు, నల్లటి రజను రాలింది. రెండో బెజ్జం సగంలో పొగ వచ్చి, మొన నీలంగా మాడి గుండ్రబడిపోయింది. ఆవిడ గట్టిగా నొక్కలేదు. నొక్కే బలం కూడా ఆవిడకి లేదు.

తెచ్చిన ఐదు రకాల్లో మూడు పనికిరానివని అక్కడే తేలిపోయింది.

కొట్టుకి తిరిగి రాగానే ఆ మూడు రకాల డబ్బాలన్నీ మూటకట్టి సతీష్ షాపుకి పంపించేసింది. సాయంత్రం కారు వచ్చి కొట్టు ముందు ఆగింది.

"ఏంటి వదినా ఇది? ఊళ్ళో అందరూ అమ్ముతున్నారు. ఎవరికీ రాని రోగం నీకెందుకు?"

"అందరి కొట్లకీ రక్తం అంటిన ముక్క రాలేదు. నా కొట్టుకి వచ్చింది."

"వాడు కళ్ళజోడు..."

"పెట్టుకోలేదు. పెట్టుకుంటే బిట్టు విరగదా? నేను వేసి చూశాను సతీషూ. నా చేత్తో."

"నువ్వా!" అతను నవ్వాడు. ఆవిడ నవ్వకపోయేసరికి ఆపాడు. "సరే. ఇవి తీసుకోకపోతే మిగతా సరుకు కూడా నా దగ్గర్నుంచి రాదు. తాళాలు, బందులు, పెయింట్లు, ఏదీ రాదు. ఆలోచించుకో."

"ఆలోచించేదేముంది? ఆపేసుకో. బెజవాడకి బస్సులు నీ పేరు చెప్పి నడవట్లేదు కదా."

మూడో రోజు ఆవిడ విజయవాడ వన్‌టౌన్‌లో దిగింది. సంచిలో ఆకురాయి, అద్దం ముక్క, మందపాటి ఛానల్ ముక్క. మొదటి షాపులో ఆకురాయి బయటికి తియ్యగానే యజమాని గుడ్లురిమాడు. రెండో షాపువాడు ఇంకో అడుగు ముందుకేసి, "ఏమ్మా, బంగారం కొంటున్నావా?" అని పక్కవాళ్ళకి కన్ను గీటాడు.

"బంగారానికి గీటురాయి ఉంది నాయనా. దీనికి ఆకురాయి ఉంది. గీటు పెట్టనివ్వని కంసాలి దగ్గర ఎవరైనా కొంటారా?" అని మెట్లు దిగింది.

నాలుగో షాపులో ఒక ముసలాయన మిషను ప్లగ్గు పెట్టి ఇచ్చాడు. ఆవిడ బెజ్జం వేస్తుంటే కుర్చీలోంచి లేచి వచ్చి చూశాడు. ఆరు రకాలు చూపించాడు. ఆవిడ రెండు తీసుకుంది. మిగతా నాలుగూ ఎందుకొద్దో చెబితే ఆయన తల ఊపాడు.

ఊరికొచ్చాక కొట్టు అరుగు మీద చిన్న బల్ల వేయించింది. దానికి ముక్కని కదలకుండా పట్టే వైసు బిగించి, ఛానల్ ముక్క, మిషను, రెండు కళ్ళజోళ్ళు పెట్టింది. పైన రేకు మీద పెయింటుతో రాయించింది: "బెజ్జం వేసి చూసుకుని కొనండి. ఏ కొట్లో కొన్నదైనా ఇక్కడ తెచ్చి చూసుకోవచ్చు."

ఆ రెండో వాక్యమే ఊళ్ళో నిప్పు పెట్టింది. వారం తిరక్కుండా వర్తక సంఘం పెద్ద బ్రహ్మయ్య వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మంచినీళ్ళు తాగాడు, దేవుడి పటానికి దణ్ణం పెట్టాడు, అప్పుడు అసలు మాట ఎత్తాడు.

"అమ్మా కన్యకా, మనవాళ్ళందరూ బాధపడుతున్నారు. ఆ బోర్డు మమ్మల్ని దొంగలంటున్నట్టుందని."

"బోర్డులో ఎవరి పేరుంది బాబాయిగారూ?"

"పేరు లేదనుకో..."

"మరి ఎవరికి తగిలింది?"

బ్రహ్మయ్య మాట మార్చాడు. "ఆడదానివి, ఒక్కదానివి. నలుగురితో పోవాలి. రేపు ఏదన్నా అయితే నలుగురే కదా వచ్చేది."

కన్యకమ్మకి ఒళ్ళు మండింది. గొంతు మాత్రం పెంచలేదు. "మా ఆయన పోయినప్పుడు నలుగురూ వచ్చారు బాబాయిగారూ. నేను కాదనను. పదకొండో రోజు కొట్టు అద్దెకిస్తావా అని అడిగింది కూడా ఆ నలుగురే. బోర్డు తియ్యను. మీ కొట్లో బిట్టు ఒకటి పంపించండి. నిలబడితే మీ పేరే పెద్దక్షరాలతో రాయిస్తా, మంచి సరుకని."

ఆయన పంపలేదు.

అలాగని ఊరంతా ఆవిడ వెనక నడిచిందనుకోకండి. బేరాలు సగానికి పడిపోయాయి. చవగ్గా వచ్చేది కావాలనే వాళ్ళు బస్టాండు వైపే వెళ్ళారు. తాళాలు, బందులు తెచ్చుకోవడానికి నెలకి రెండు సార్లు బెజవాడ తిరగాల్సి వచ్చి మోకాళ్ళు పట్టేశాయి. కానీ ఎ.కొండూరు, నెమలి లాంటి ఊళ్ళ నుంచి వెల్డింగ్ పనివాళ్ళు వెతుక్కుంటూ రావడం మొదలైంది. సతీష్ దగ్గర కొన్న బిట్లు తెచ్చి అరుగు మీద బెజ్జం వేసి, మాడిన మొన చూసుకుని, నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ బస్టాండు వైపు నడిచినవాళ్ళూ ఉన్నారు. దసరాకల్లా నల్ల డబ్బాలు సతీష్ షాపు ముందు వరసలోంచి వెనక్కి జరిగాయి. పూర్తిగా పోలేదు.

ఒక రోజు జ్ఞానమణి వచ్చింది. ఏసురత్నానికి కుట్లు మానాయి, షెడ్డు తెరిచాడు. పది ఎం.ఎం. బిట్లు మూడు కావాలంది. కన్యకమ్మ మూడు తీసి ఇచ్చింది. జ్ఞానమణి వాటిని తీసుకుని, నేరుగా అరుగు మీది బల్ల దగ్గరికి పోయింది. కళ్ళజోడు పెట్టుకుంది. మొనలు వెలుతురుకి పెట్టి చూసింది, దొర్లించింది, ఒక్కోదానితో ఒక్కో బెజ్జం వేసింది. తిరిగొచ్చి ఒకటి బల్ల మీద పెట్టింది.

"దీని అంచులు తేడాగా ఉన్నాయి. వేరేదివ్వండి."

కన్యకమ్మ ఎత్తి చూసింది. నిజమే. తన కంటికి ఆనలేదు. ఇంకోటి తీసిచ్చింది. జ్ఞానమణి దాన్నీ వేసి చూసుకునే పట్టుకెళ్ళింది. మీ మీద నమ్మకం ఉందండీ అని ఒక్క మాటైనా అనలేదు. కన్యకమ్మకి లోపల ఎక్కడో చురుక్కుమంది. ఆ తర్వాత, అలాగే ఉండాలి అనుకుంది.

కార్తీకంలో సతీష్ కొత్త ఇంటి గృహప్రవేశం చేశాడు. ఊరందర్నీ పిలిచాడు, వదిన్ని పిలవలేదు. కన్యకమ్మ పట్టుచీర కట్టుకుని, పళ్ళూ బట్టలూ పళ్ళెంలో పెట్టుకుని వెళ్ళింది. చుట్టాలు గుసగుసలాడుతుంటే మధ్య బంతిలో కూర్చుని విస్తరి వేయించుకుంది. పప్పు గిన్నెతో వచ్చిన సతీష్ ఆవిణ్ణి చూసి ఆగిపోయాడు. వంగి, ఎవరికీ వినబడకుండా, "ఇప్పటికైనా ఆ బోర్డు తీసెయ్ వదినా. చుట్టాల్లో నా పరువు పోతోంది" అన్నాడు.

ఆవిడ విస్తరి ముందుకు జరిపింది.

"వడ్డించు. మీ అన్నకి పప్పంటే ఇష్టం, నాకూ అంతే. బోర్డుకి వచ్చే వారం కొత్త పెయింటు వేయిస్తున్నా. వానలకి అక్షరాలు కాస్త వెలిశాయి."