పంతులుగారి అర్జీ

మోకాలి నొప్పికని మొన్న మనవరాలు నన్ను కొండాపూర్‌లో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళింది. తలుపు దాటగానే ఫినాయిల్ వాసన గుప్పుమంది. ఇప్పుడిక్కడ సందుకొక ఆసుపత్రి. ఒకప్పుడు ఒక్క మంచం కోసం పట్నానికి అర్జీ పంపుకోవలసి వచ్చింది. ఆ అర్జీ రాసింది నేనే.

నిజాం రాజ్యం చివరి రోజులవి. కొండాపూర్ అప్పుడు రాళ్ళగుట్టల నడుమ చిన్న పల్లె. నాకు పన్నెండేళ్ళు. మా పక్కింటి అనంతయ్య పంతులుగారు సికింద్రాబాదులో ఇంగ్లీషు దొరల కచేరీలో గుమాస్తాగా చేసి, దగ్గు పట్టుకుని ఊరు చేరారు. బడిలో ఉర్దూ చదువు. ఇంగ్లీషు కావాలంటే ఆయన అరుగే గతి. ఆడపిల్లకెందుకని మా నాన్న గొణిగితే, "పిల్లకు తెలివున్నది, నీకేం ఫికర్?" అని నోరు మూయించారు. ఆయన చాదస్తం మాత్రం అంతా ఇంతా కాదు. రాసిన ప్రతి ఇంగ్లీషు మాట కిందా అది నామవాచకమో, విశేషణమో, క్రియో గుర్తించి రాయాలి. క్రియ అయితే సకర్మకమా, అకర్మకమా తేల్చాలి. "పిల్లి ఉరికింది, పని పిల్లితోనే అయిపాయె. పిల్లి ఎలుకను పట్టింది, పని ఎలుక మీదికి పాయె. సమజైందా?" అనేవారు. అన్నీ తేలేదాకా వాక్యం పలక మీదే ఉండాలి, కాగితమెక్కకూడదు.

ఆ ఏడు ఆయనకు దగ్గులో రక్తం పడసాగింది. పట్నంలో క్షయ దవాఖానలో ఒక మంచం ఖాళీ అయిందని, ఇంగ్లీషులో అర్జీ ఇస్తే పెద్ద డాక్టరు చూస్తాడని రోజూ పట్నం వెళ్ళి పాలు పోసే మల్లయ్య కబురు తెచ్చాడు. పంతులుగారి చేతులు వణుకుతున్నాయి. "నువ్వే రాయి బిడ్డా," అన్నారు.

నేను ఉబ్బిపోయాను. పలక మీద నాలుగు వాక్యాలు రాసి, ఒక్కొక్క మాటకూ పేరు పెడుతూ కూర్చున్నాను. రెండు క్రియల దగ్గర మనసొప్పక చెరిపి మళ్ళీ రాశాను. మల్లయ్య రోజూ పొద్దున్నే వచ్చి, "అయిందా బిడ్డా?" అనేవాడు. "జర ఆగు మామా, రేపిస్త," అనేదాన్ని. అలా మూడు రోజులు తిప్పాను. లోపల పంతులుగారు దగ్గుతూనే ఉన్నారు. ఇదంతా ఆయన కోసమే కదా అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆయన చేత మెప్పు పొందాలని.

నాలుగోనాడు మల్లయ్య అర్జీ పట్టుకెళ్ళి, సాయంత్రానికి దాన్నే తిరిగి తెచ్చాడు.

"నిన్ననే ఇంకొకలకు ఇచ్చిన్రంట సార్. ఒక్కరోజు ముందు తెస్తే అయిపోతుండె," అన్నాడు.

నేను గోడకు అతుక్కుపోయాను. పంతులుగారు కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక్కొక్క మాట కింద వేలు జరుపుతూ అర్జీ చివరిదాకా చదివారు.

"ఒక్క తప్పు లేదు బిడ్డా. మంచిగ రాసినవ్."

నెల తిరక్కుండానే పోయారు. నన్ను ఓదార్చడానికే అలా అన్నారని మా అమ్మ చెప్పేది. కాదు, ఆయన నిజంగానే మురిసిపోయారు; నేను చూశాను. ఇన్నేళ్ళయినా నాకు మింగుడుపడనిది అది కూడా కాదు. మంచం చేజారిందని తెలిసి కూడా, ఆయన మెచ్చుకున్న ఆ ఒక్క క్షణం నాకు సంతోషం వేసింది.