వీపు తిప్పిన చిలకలు

ధర్మవరం నుంచి కదిరికి రైల్లో గంటన్నర దారి. ఆ దారి పట్టడానికి నాకు ఎనిమిదేళ్లు పట్టింది.

కారణం ముందే చెప్పేస్తాను. మాది ధర్మవరంలో పట్టుచీరల అంగడి. అంచుకూ కొంగుకూ బొమ్మలు గళ్ల కాగితం మీద గీసేది నేనే. నా గీతను బట్టి అట్టలకు చిల్లులు కొడతారు, ఆ అట్టలు మగ్గం పైన కడతారు, వాటిని బట్టి బొమ్మ పడుతుంది. ఎనిమిదేళ్ల కిందట ఒక పెళ్లిచీర అంచుకు కలశం, దానికి చెరోవైపున కలశాన్నే చూస్తున్న రెండు చిలకలు కావాలన్నారు. చీర వచ్చింది. చిలకలు రెండూ కలశానికి వీపు తిప్పి కూర్చున్నాయి. పెళ్లికూతురి తల్లి చీర ముట్టుకోనే లేదు. నేసిన ఓబులేసన్నను పిలిపించి, అంగట్లో పదిమంది ముందర, "అట్టలు తిరగేసి కట్టినావు. చూడకుండా నేస్తే ఇట్లే ఉంటాది" అని కేకలేసి, చీర ఆయన మీదికే విసిరేశాను.

మూడో రోజు బీరువాలో నేను గీసిన కాగితం దొరికింది. చిలకల్ని అలా తిప్పింది నా చెయ్యే. కాగితాన్ని మడిచి పాత పుస్తకాల అడుగున పెట్టేశాను. ఓబులేసన్నకు ఊళ్లో మళ్లీ ఎవరూ నేతకు పట్టు ఇవ్వలేదు. ఆ ఏడే ఆయన కదిరికి వెళ్లిపోయాడు.

పోయిన వారం మా అమ్మాయి కంప్యూటర్లో ఒక డిజైను తప్పు వేసి, నేను తిడతానని గుట్టుగా చెరిపేసింది. సంగతి తెలిసి, "తప్పు చేస్తే చెప్పాల గానీ దాచిపెడతారా?" అని గదమాయించాను. ఆ రాత్రే పాత పుస్తకాల అడుగు నుంచి ఆ కాగితం బయటికి తీశాను.

గురువారం పొద్దున ఆరున్నరకు స్టేషను చేరాను. బండి పావుగంట ఆలస్యం. బయట తోపుడుబండి దగ్గర బొరుగుల ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు కట్టించుకున్నాను. కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదురుగా వక్కాకు నములుతున్న పెద్దాయన అడిగాడు.

"యాడికప్పా?"

"కదిరికి."

"ఏం పని మింద?"

"నరసింహస్వామి దర్శనానికి" అన్నాను.

"మంచిది. నా పేరు చెప్పి గూడా ఒక దండం పెట్టప్పా."

తప్పు ఒప్పుకోవడానికి బయల్దేరినవాణ్ని, అరగంట తిరక్కముందే అబద్ధమాడాను.

ముదిగుబ్బ దాటాక రెండు పక్కలా చెనిక్కాయ చేలు. వాన మొహం చాటేసింది కాబట్టి చెట్లు జానెడు కూడా లేవలేదు. వాటిని చూస్తూ ఓబులేసన్నతో ఏమనాలో లోపల్లోపల చెప్పుకున్నాను. "పొరపాటు జరిగింది" అని మొదలుపెట్టాను. జరిగింది అంటే దానంతటదే జరిగిపోయినట్టుంది. "పొరపాటు చేశాం" అని మార్చాను. చేశాం ఏమిటి, నాతో ఇంకెవరున్నారు? కదిరి వచ్చేసరికి ఎలాగో "చేశాను" దగ్గరికి చేరాను.

ఎనిమిదిన్నరకు దిగి, మల్లెపూల బుట్టల మధ్యనుంచి బయటికొచ్చి ఆటో ఎక్కాను. ఊరి చివర ఓబులేసన్నది రేకుల ఇల్లు. మగ్గం చప్పుడు వీధిలోకే వినిపిస్తోంది. ఆయన తల నెరిసింది, మనిషి చిక్కాడు. మగ్గం ఎదురు గోడ మీద మూరెడు పట్టు అంచు మేకులతో కొట్టి ఉంది. కలశాలు, వీపు తిప్పిన చిలకలు. నా కాళ్లు గడప దగ్గరే ఆగిపోయాయి.

"ఏమప్పా శెట్టీ, ఇంత దూరం వచ్చినావు? కూచో."

కూర్చోలేదు. నిలబడే చెప్పాను. "అన్నా, ఆ చిలకల్ని తిప్పి గీసింది నేను. తప్పు చేసినా. మూడోనాడే తెల్సింది. నీకు చెప్పలే." జేబులోంచి కాగితం తీసి చాచాను.

ఆయన దాన్ని అందుకోలేదు. "నాకు ఆ పొద్దే తెల్సప్పా. కలశాన్ని చూసే చిలకల్ని అట్టలు తిరగేసి కట్టినా కలశాన్నే చూస్తాయి. కుడిది ఎడమకు పోతాది, ఎడమది కుడికి వస్తాది, అంతే. వీపు తిప్పాలంటే గీసినోడు తిప్పాల్సిందే."

ఇరవై ఏళ్లుగా గీస్తున్న నాకు ఆ చిన్న సంగతి తట్టనే లేదు. తట్టాలని నేను అనుకోలేదేమో కూడా.

"మరి ఆ పొద్దు చెప్పలేదేమన్నా?"

"అంతకు ముందే చెప్పినా గదా. జానెడు నేసినాక ఫోన్ చేసినా. చిలకలు ఇట్లే ఉండాల్నా అని అడిగితే, 'గీసినట్ల నెయ్యి, నన్ను సతాయించొద్దు' అంటివి. చూడకుండా నేసినానంటివి చూడు, ఆ మాటొక్కటే కాలిందప్పా. చూసినా కాబట్టే అడిగినా."

ఆ ఫోను నాకు గుర్తే లేదు. నేలలోకి దిగిపోతే బాగుండుననిపించింది.

"తప్పు నాది గదన్నా, దీన్ని నీ గోడకెందుకు కొట్టుకున్నావు?"

"నీది నీకుండాది, నాది నాకుండాది. నేను ఒగసారే అడిగినా. ఇంగోసారి అడగాల్సింది. నా దగ్గర నేర్చుకునేటోళ్లకు మొదటి దినం ఇదే చూపిస్తా. ఇది నేను చేసిన తప్పు, మీకు అనుమానం వస్తే రెండుసార్లు అడుగండి అని."

ఆ పూట వంట ఏమిటో చెప్పినంత తేలిగ్గా చెప్పాడు. అదే అంచుకు సంబంధించిన నా తప్పును నేను పుస్తకాల అడుగున దాచుకున్నాను.

ఆయన భార్య రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టింది. "ఇంగొంచెం వెయ్యాల్నా?" అన్న మాట తప్ప నాతో ఏమీ మాట్లాడలేదు. తిన్నాక ఓబులేసన్న మేకులు ఊడదీసి, కత్తెరతో అంచును రెండు ముక్కలు చేశాడు.

"నాకొక జత, నీకొక జత. పదిమంది ముందర అంగట్లో అంటివి. దీన్ని ఆడనే తగిలించు."

ఒంటిగంటన్నరకు బస్సెక్కాను. పక్క సీట్లో ఒకామె నా ఒళ్లోని పట్టుముక్క తీసుకుని చూసింది.

"ఇవేమన్నా, చిలకలు ఇట్ల తిరిగి కూచున్నాయి?"

ఈసారి దేవుడి పేరు చెప్పలేదు. "నేను తప్పు గీసినా."

"మా నాయన గూడా నేసేటోడు. నేసినాయన్ని ఏమన్లేదు గదా?"

"శానా అంటి. ఈ పొద్దు పోయి, తప్పు నాదేనని చెప్పి వస్తాండా."

"అన్నిందెప్పుడు?"

"ఎనిమిదేండ్లాయ."

ఆమె ముక్కను నా ఒళ్లో పెట్టి కిటికీ వైపు తిరిగింది.

ఇలాంటి పని మీద కదిరి వెళ్లేవాళ్లకు పొద్దుటి బండి మంచిది. ఎండ ముదరక ముందే చేరతారు. సిగ్గు దిగిపోతుందని మాత్రం నేను చెప్పను. బస్సు దిగేదాకా మేకు ఎక్కడ కొట్టాలా అనే ఆలోచన. తలుపు వెనక గోడైతే ఎవరికీ కనబడదు. మొదట తట్టింది ఆ గోడే. గల్లాపెట్టె దగ్గర, నా తల మీద గోడకైతే వచ్చినవాళ్లందరూ చూస్తారు, ఇదేమిటని అడుగుతారు. అక్కడే కొడతాను. అడిగినప్పుడల్లా చెప్పాలి.