బాలకిషన్ అరచెయ్యి

చిక్కడపల్లిలో ఎవరింట్లో బోరు మోటారు మొరాయించినా బాలకిషన్‌కే కబురు వెళ్ళేది. మీటర్లూ గీటర్లూ వాడడు. పైపు మీద అరచెయ్యి మెల్లగా జరిపి, "ఈడ కారుతుంది సూడమ్మ" అనేవాడు. ఇరవై ఏళ్ళు ఆ చేత్తోనే భార్య విద్యావతిని, కూతురు ఉదయశ్రీని పోషించాడు.

2011లో లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర మా షెడ్డుకి వాటర్‌జెట్ మెషిన్ వచ్చింది. నీళ్ళకి గార్నెట్ ఇసుక కలిపి సన్నటి ముక్కులోంచి వదిలితే రెండంగుళాల ఉక్కు పలకైనా తెగాల్సిందే. పంపుల సంగతి తెలిసినవాడు కావాలని నేనే బాలకిషన్‌ని పనిలోకి తీసుకున్నాను. నా పేరు వీరరాఘవరావు, షిఫ్టు ఇన్‌ఛార్జిని. అశోక్‌నగర్‌లో ఉంటాను. నా నోరు మంచిది కాదని మా ఇంట్లోవాళ్ళే అంటారు.

పని ఇట్టే పట్టేశాడు గానీ అలవాటు మానలేదు. కారు టైరులో గాలి కంటే వెయ్యి రెట్లకు పైగా ఒత్తిడితో నీళ్ళు పోయే గొట్టం మీద కూడా చెయ్యి వెయ్యబోయేవాడు. రెండుసార్లు తిట్టాను.

మూడోసారి తిట్టలేదు. ఆ రోజు సాయంత్రానికి గ్రానైట్ ఆర్డరు పంపాలి. ఒత్తిడి పడిపోతోంది, లీకు ఎక్కడో కనపడదు. "ఏదీ, ఓసారి చెయ్యి పెట్టి చూడు" అన్నాను. అవును, నేనే అన్నాను.

"అబ్బా" అని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అరచేతిలో సూదిమొనంత చుక్క. నెత్తురు కూడా రాలేదు. మెషిన్ ఆపి ఆ గొట్టం మార్చాం. కాసేపటికి నా దగ్గరకొచ్చాడు.

"సార్, లోపలంత బిగుసుకపోతుంది. జర దవాఖానకు పోయొస్త."

"ఇంత చుక్కకా? చీమ కుట్టినా సెలవేనా నీకు? ఆర్డరు పంపించి వెళ్ళు" అని నవ్వాను.

ఎడంచేత్తో ఏడింటిదాకా పనిచేశాడు. నీళ్ళు ఆ చుక్కలోంచే లోపలికి దూసుకుపోయి కండనంతా చీల్చేశాయి. మెషిన్‌తో వచ్చిన పుస్తకంలో ఆ సంగతి రాసే ఉంది. దాన్ని చదవాల్సినవాణ్ణి నేను, చదవలేదు.

తెల్లారేసరికి చెయ్యి నల్లబడింది. నారాయణగూడలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళారు. "నిన్ననే వచ్చుంటే చెయ్యి దక్కేది" అన్నాడు డాక్టరు. మణికట్టు దాకా తీసేశారు.

పది రోజులకి గానీ వాళ్ళింటికి వెళ్ళే ధైర్యం రాలేదు. తప్పు నాదేనమ్మా అని చెప్పాలని దారంతా అనుకుంటూ వెళ్ళాను. బాలకిషన్ మంచం మీద ఉన్నాడు. విద్యావతి చాయ్ తెచ్చి నా చేతికిచ్చింది. నేను నోరు తెరిచేలోపే ఆమె ఏడుపందుకుంది.

"మీరు మంచిగనే చెప్పిండ్రంట గద సార్, పని ఇడిశి దవాఖానకు పొమ్మని. ఈయననే ఇనలేదంట. మొండి మనిషి సార్, మా బతుకు ఆగం చేసిండు."

నేను బాలకిషన్ వైపు చూశాను. చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా చాయ్ తాగాను, ఏమీ చెప్పకుండానే లేచి వచ్చేశాను. మూడేళ్ళయింది. ఆవిడ ఇప్పటికీ ఆయన్నే తిడుతోంది.