రబ్బరు బ్యాండు వేసిన వైర్‌లెస్ సెట్టు

ఒక్క రబ్బరు బ్యాండుతో ఐదు ఊళ్ళ నోరు కట్టేసిన ఘనుణ్ణి చూడాలని మీకెప్పుడైనా అనిపిస్తే బరంపురం వచ్చి నన్ను అడగండి. ఆ ఘనకార్యం నేను పాతికేళ్ళ వయసులో, పూర్తి స్పృహలో ఉండి, పైగా నా తెలివికి నేనే మురిసిపోతూ చేశాను. ముందే చెప్పేస్తున్నాను, ఇందులో నవ్వడానికి నేనొక్కణ్ణే ఉన్నాను. మిగతావాళ్ళకి అది ఏడుపు రోజు.

మాది మిరపకాయల టోకు వ్యాపారం. దుకాణంలో కూర్చుంటే తుమ్ములు తప్ప ఇంకేమీ రావని తేల్చుకుని, బీయస్సీ గట్టెక్కగానే ఆరోగ్య శాఖలో తాత్కాలిక ఇన్వెస్టిగేటరుగా చేరిపోయాను. పేరు విని గొప్పగా ఊహించుకోకండి. ఇల్లిల్లూ తిరిగి, ఎవరికి వాంతులు, ఎవరికి విరేచనాలు, ఏ నూతి నీళ్ళు తాగారు అని అడిగి కాగితం మీద రాసుకోవడమే మా పరిశోధన.

ఆ ఏడు బాహుదా నది పొంగి, వరద తగ్గాక సోనేపూర్ చుట్టుపక్కల జాలరి పేటల్లో కలరా అంటుకుంది. మేం వెళ్ళేసరికే కొన్ని ఇళ్ళ ముందు ఏడుపులు వినిపిస్తున్నాయి. ఒడ్డు మీద పడవల పక్కనే చితులు కాలుతున్నాయి. పేటకీ పేటకీ మధ్య మైళ్ళకొద్దీ ఇసుక, సరుగుడు తోటలు. టెలిఫోను తీగలు తెగిపోయాయి. ఉన్నది ఒకే జీపు. మనుషులం ఐదుగురం, ఒక్కో పేటకి ఒక్కొక్కరం.

మా డాక్టరు పట్నాయక్ గారు ఎక్కడినుంచో చేతిలో పట్టుకునే వైర్‌లెస్ సెట్లు అరువు తెచ్చారు. తలా ఒకటి ఇచ్చారు. జీపు డ్రైవరుకి ఒకటి, బడిలో పెట్టిన శిబిరంలో తన దగ్గర ఒకటి. బొత్తాం నొక్కితే మనం మాట్లాడొచ్చు, వదిలితే ఎదుటివాళ్ళ మాట వినొచ్చు. ఒకరు నొక్కి ఉంచినంతసేపూ మిగతావాళ్ళ మాట ఎవరికీ అందదు. రోగి కనబడితే కబురు చెప్పి వెంటనే బొత్తాం వదిలెయ్యాలని, ప్రాణాలు దాని మీదే ఉన్నాయని ఆయన రెండుసార్లు చెప్పారు. రెండోసారి నా వైపే చూస్తూ చెప్పారు. ఆయనకి మనుషుల్ని అంచనా వెయ్యడం బాగా వచ్చు.

నా పేటలో అదృష్టవశాత్తూ రోగం తక్కువ. పదకొండు గంటలకల్లా నలభై ఇళ్ళ జాబితా తయారైంది. దాన్ని శిబిరానికి చదివి వినిపించాలి. పదో ఇంటికి వచ్చేసరికి బొటనవేలు కందిపోయింది. అప్పుడు నా బుర్ర వెలిగింది. కాగితాల కట్టకున్న రబ్బరు బ్యాండు తీసి బొత్తాం మీదుగా సెట్టుకి రెండు చుట్లు చుట్టాను. వేలికి విశ్రాంతి, చదువుకి స్వేచ్ఛ. నలభై ఇళ్ళూ రాగయుక్తంగా చదివి, సెట్టుని సంచిలో వేసుకుని, సంచిని భుజాన తగిలించుకున్నాను. రబ్బరు బ్యాండు సంగతి ఈ చరాచర జగత్తులో నేను తప్ప అందరికీ గుర్తుండే ఉంటుంది.

ఆ పేట పెద్ద లోకనాథం మామ భోజనానికి పిలిచాడు. వేడివేడి అన్నం, చేపల పులుసు. ఊరూరా తిరిగి ఎక్కడా ఏమీ తినొద్దని చెప్పాల్సిన ఉద్యోగం నాది. పీట వాల్చగానే కూర్చున్నాను.

కాసేపయ్యాక మామ సంచి వైపు చూసి, "అందులో ఎవులూ మాటాడరేటి బాబూ?" అని అడిగాడు.

"పడుకునుంటారు మామా. మా దండపాణన్న ఉన్నాడు సూడు, అవతలి పేటకెల్లిన పొలసర ఊరాయన, ఈ పాటికి ఏ సరుగుడు నీడలోనో గురక పెడతంటాడు. పనంతా నా ఒక్కడి మీదే నడుస్తంది."

మామ తల ఊపాడు. వినేవాడు దొరికితే నేను ఆగే రకం కాదు. డాక్టరు గారికి రోగం కన్నా కాగితం మీదే ప్రేమ ఎక్కువని, ఆయన సూది పట్టుకుంటే రోగికన్నా ముందు ఆయన చెయ్యి వణుకుతుందని, నేను లేకపోతే ఈ పాటికి శిబిరం మూసేసేవారని వివరంగా చెప్పాను. మధ్యమధ్య పులుసు జుర్రుకున్న చప్పుడు కూడా మిగతా నాలుగు పేటలకీ స్పష్టంగా వెళ్ళిందని తర్వాత తెలిసింది.

ఇంతలో బయట జీపు చప్పుడైంది. డ్యూటీలో తింటూ దొరికితే అంతే సంగతులు. కంచం పక్కకి తోసి, వంటింటి వెనక ఆరేసిన వలల చాటుకి దూరాను. సంచి మాత్రం వదల్లేదు. ప్రభుత్వ ఆస్తి కదా.

"మామా, జీపొచ్చింది. నేనిక్కడ లేనని సెప్పు. పై పేటకి ఎల్లిపోయినాడని సెప్పు."

మామ అలాగే చెప్పాడు. సెట్టుని జీపులోనే వదిలి దిగిన డ్రైవరు నమ్మేశాడు. జీపు పై పేట వైపు వెళ్ళిపోయింది. నేను బయటికి వచ్చి మిగిలిన అన్నం తిన్నాను.

ఆ జీపు తనిఖీకి రాలేదు. నా నోరు ఎలాగైనా మూయించమని డాక్టరు గారు పంపితే వచ్చింది.

అదే సమయంలో అవతలి పేటలో దండపాణన్న సెట్టు పట్టుకుని బొత్తాం నొక్కుతూనే ఉన్నాడు. అక్కడ అప్పన్న అనే జాలరి పొద్దున్నే తండ్రికి నిప్పు పెట్టి వచ్చాడు. వచ్చేసరికి భార్య పోలమ్మ నేల మీద పడి ఉంది. కళ్ళు లోతుకి పోయాయి. నాడి సరిగా దొరకడంలేదు. జీపు కావాలి. సెట్టులో మాత్రం దండపాణన్న గురక గురించి నా ఉపన్యాసం వస్తోంది. ఇక లాభం లేదని పోలమ్మని నులకమంచం మీద వేసి, నలుగురు జాలర్లు భుజాలకెత్తుకున్నారు. అప్పన్న పక్కనే నడిచాడు. మిట్టమధ్యాహ్నం, కాళ్ళు కాలే ఇసుక. దండపాణన్న ఒక చేత్తో మంచం కోడు పట్టుకుని, రెండో చేత్తో సెట్టు పట్టుకుని, నేను ఎప్పుడు ఆపుతానా అని నడిచాడు.

నేను ఆపలేదు. నా బ్యాటరీ ఆపింది. రెండు గంటలు ఏకధాటిగా మోసి మోసి అది ప్రాణం విడిచింది. ఆ రోజు నా పక్షాన జరిగిన మంచి పని అదొక్కటే. ఆ క్షణంలోనే దండపాణన్న గొంతు జీపుకి అందింది. జీపు వెనక్కి తిరిగి, సరుగుడు తోట దగ్గర మంచానికి ఎదురెళ్ళింది.

ఇవేవీ తెలియని నేను ఎండ చల్లబడ్డాక శిబిరానికి నడిచి వెళ్ళి, గుమ్మంలోంచే ఫిర్యాదు చేశాను. "సెట్టు పాడైపోనాది సార్. పొద్దున్నించీ ఒక్కరూ పలకడం నేదు."

డాక్టరు గారు సంచిలోంచి సెట్టు తీయించి, బల్ల మీద పెట్టించి, ఆ రబ్బరు బ్యాండు నా చేతనే విప్పించారు. తిట్టలేదు. లోపలి గది తలుపు తీసి చూపించారు. పోలమ్మ రెండు చేతులకీ సెలైన్ ఎక్కుతోంది. ఇంకో అరగంట ఆలస్యమైతే ఆ ఇంటి రెండో చితికి కట్టెలు నాచేతే మోయించేవాణ్ణని ఆయన ఒడియాలో మెల్లగా అన్నారు. ఆయన చెయ్యి ఏమాత్రం వణకడంలేదు.

అప్పన్న వరండాలో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. తండ్రిని దహనం చేసిన బూడిద ఇంకా కాళ్ళకి ఉంది. అతని ముందు నిలబడి, తప్పు నాదేనని చెప్పాను. నా గొంతు వినగానే తలెత్తాడు.

"నువ్వేనేటి? దాని కళ్ళు మూతపడతంటే, ఇనవే, సెట్టులో ఎవడో కూస్తన్నాడు ఇనవే, అని లేపుకుంటా తెచ్చినాను. జీపుకి దాక్కున్నావు సూడు, అప్పుడు పెదాలు కదిపింది. నవ్విందో ఏటో నాకు తెలీదు."

పక్కన కూర్చున్నాను. అతనే మళ్ళీ అన్నాడు.

"మంచం మోసిన నలుగురూ నిన్ను సంపేస్తామని సెప్పుకుంటా నడిసినారు బాబూ. ఆళ్ళు నీ మొకం సూడలేదు, గొంతే ఇన్నారు. నువ్వు నోరిప్పకుండా ఎల్లిపో."

మర్నాటినుంచి నన్ను నూతుల్లో బ్లీచింగు పౌడరు వేసే పనికి మార్చారు. ఐదు పేటలూ తిరిగాను. ఎవరైనా పేరడిగితే చేతులతో సైగ చేశాను. పాపం మూగవాణ్ణి పంపారని ఒక ముసలమ్మ జాలిపడి తాగడానికి మంచినీళ్ళిచ్చింది. మరిగించినవేనా అని సైగలతో అడగడానికి నాకు చాలా సమయం పట్టింది. మూడోవారం పోలమ్మ లేచి నడుస్తోందని దండపాణన్న చెప్పాడు. అంతవరకు నాతో అతను ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఆ రోజే సముద్రం వైపు తిరిగి, చేతిలో బ్లీచింగు డబ్బాతో, నిండు మనసుతో ప్రమాణం చేశాను. ఇకమీదట ఎవరినైనా చాటుగా ఆడిపోసుకోను, అనవలసింది ఉంటే నేరుగా వెళ్ళి ఎదుట నిలబడే అంటాను అని. ఈ నియమాన్ని ఇప్పటిదాకా తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను. దాని పుణ్యమా అని ఇన్నేళ్ళలో ఏ ఒక్కరినీ పల్లెత్తు మాట అనలేదు. మా ఆవిడ దాన్ని నా మంచితనం అనుకుంటోంది. ఎదుట నిలబడే ధైర్యం చాలకే ఊరుకుంటున్నానని ఆమెకి మీరు చెప్పకండి.