స్వరూప కంప్యూటర్లో నేను బిగించిన ర్యామ్

ఏళ్ల తరబడి ఈ మాట నా గొంతు దాకా వచ్చి మళ్లీ కిందికి దిగిపోతోంది. అన్నం తింటుంటే వస్తుంది. నా బిడ్డ తలకు నూనె రాస్తుంటే వస్తుంది. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఒక మనిషి బతుకును నేను చెడగొట్టాను. కోపంలో కాదు. తాపీగా, ఆలోచించి.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను కల్వకుర్తిలో ఒక ఫొటో స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లు తయారు చేసేవాణ్ణి. అక్కడ రెండు కంప్యూటర్లు. ఒకదాని మీద నేను, రెండోదాని మీద స్వరూప. శ్రీశైలం రోడ్డు మీద లారీ గుద్ది భర్త పోయాక, చంటిపిల్లవాణ్ణి తల్లి దగ్గర వదిలి పనిలో చేరింది. నన్ను అన్నా అనేది. పని నేనే నేర్పాను. కొన్నాళ్లకే పెళ్లివాళ్లు వచ్చి "మా ఆల్బమ్ గా పిల్లతోనే చేపియ్యుండ్రి" అనడం మొదలుపెట్టారు. వాళ్లన్నదాంట్లో అబద్ధం లేదు. ఆమె చేస్తే నల్లటి పెళ్లికూతురు నల్లగానే కళగా కనిపించేది. నేను చేస్తే అందరి ముఖాలకూ సున్నం కొట్టినట్టుండేది.

ఫైళ్లు పెద్దవై ఆమె కంప్యూటర్ నెమ్మదించింది. వేగం పెరగడానికి ఇంకో ర్యామ్, అంటే మెమరీ పలక, వేయమని మా ఓనరు నాకు చెప్పాడు. ఆయన్ను మేం సేటు అనేవాళ్లం. హైదరాబాదు నుంచి ఎవరో వాడిన ర్యామ్ ఒకటి తెప్పించి, లోపల ఉన్నదాని పక్కన బిగించాను. మర్నాటి నుంచే కష్టాలు. పని మధ్యలో తెర నీలంగా మారిపోయేది, కంప్యూటర్ దానంతటదే ఆగి మళ్లీ మొదలయ్యేది. అప్పటిదాకా చేసిందంతా పోయేది.

ఇక్కడి దాకా నా తప్పు లేదు. కారణం వెతికాను కూడా. వైరస్ ఉందేమో చూశాను, దుమ్ము దులిపాను. ఒక ఆదివారం షాపులో ఎవరూ లేనప్పుడు రెండు ర్యామ్‌లూ తీసి, ఒక్కోటే పెట్టి నడిపాను. మొదటినుంచీ ఉన్నదానితో చక్కగా నడిచింది. నేను తెచ్చినదానితో కాసేపటికే నీలం తెర. అదే చెడ్డది. మర్నాడు సేటుకు చూపిద్దామని దాన్ని తిరిగి బిగించి ఇంటికి పోయాను.

మర్నాడు సేటే ముందు నోరు తెరిచాడు.

"నీది మంచిగనే నడుస్తాంది. గామె కూసుంటెనే బంద్ అయితాంది. ఒకపాలి నువ్వు కూసో దాని మీద, చూద్దాం."

చెప్పడానికి అదే సమయం. ఒక్క వాక్యం చాలు. ఎందుకు చెప్పలేదు? భయపడ్డానా? లేదు. ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషం, అంతకంటే మర్యాదైన పేరు దానికి లేదు.

స్వరూప అన్నానికి వెళ్లినప్పుడు ఆమె కంప్యూటర్ పక్క రేకు విప్పి ఆ ర్యామ్ తీసి జేబులో వేసుకున్నాను. ఆమె కుర్చీలో కూర్చుని సాయంత్రం దాకా పనిచేశాను. ఒక్కసారీ ఆగలేదు. ఆమె తిరిగొచ్చి నా వెనకే నిలబడి చూసింది, సేటూ చూశాడు. తర్వాతి రోజు ఆమె రాకముందే ర్యామ్ మళ్లీ పెట్టేశాను.

ఆ వారమే ఒక రైస్‌మిల్లు వాళ్ల ఆల్బమ్ మొత్తం పోయింది. పెళ్లికొడుకు మేనత్త షాపుకొచ్చి అందరి ముందూ అంది: "మొగన్ని మింగిన చెయ్యి. గసొంటి చేతుల పెండ్లి ఫొటోలు పెడ్తరా?" సేటు కాదనలేదు. నేను నా తెర మీది పని చేసుకుంటూ పోయాను.

ఆ మేనత్త వెళ్లాక స్వరూప నా పక్కకొచ్చింది.

"అన్నా, నేను ఏడ తప్పు చేస్తున్ననో జర చెప్పవా? నువ్వే గద నేర్పినవ్."

"నీ తప్పేం లేదు చెల్లె," అన్నాను. "కొందరి చెయ్యి మిషన్లకు పడది."

ఓదార్పులాగే అన్నాను. ఎంత మెత్తగా అన్నానో ఇప్పటికీ నా చెవికి వినిపిస్తుంది. ఆమె తల ఊపి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. నేను ఆ ర్యామ్ తీసి పారేశాను. స్వరూప మానేశాక కంప్యూటర్ ఎంత బాగా నడుస్తోందో సేటు వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు.

పోయిన ఏడాది చౌటుప్పల్‌లో ఒక చావుకు వెళ్లాను. బస్సు కోసం నిలబడితే మందుల ఫ్యాక్టరీ బండి నుంచి ఆడవాళ్లు దిగారు. వాళ్లలో స్వరూప. ఆమే గుర్తుపట్టి పలకరించింది. మాత్రల డబ్బాలు అట్టపెట్టెల్లో సర్దే పనట. పొద్దంతా నిలబడాలట, మోకాళ్లు వాస్తున్నాయట.

"ఆఫీసుల కంప్యూటర్ మీద కూసోమని అడిగిండ్రు అన్నా. రాదని చెప్పిన. నా చెయ్యి పడితే అందరి పని ఖరాబైతది గద."

నవ్వుతూనే అంది. అప్పుడక్కడ సేటు లేడు. నాకు పోటీ లేదు, పోయేదీ లేదు. ఆమె, నేను, రోడ్డు.

"మంచి పని చేసినవ్ చెల్లె," అన్నాను.

మొదటిదాన్ని అసూయ అనుకోగలను. ఇదేమిటి? రాస్తూ కూడా ఆలోచిస్తున్నాను, తెలియడం లేదు. క్షమించమని అడగను. మీరు క్షమించి ఏం లాభం? ఆమెను అడిగే ధైర్యం నాకు లేదు, వస్తుందనీ అనుకోను. చెడ్డదని తెలిసే పెట్టాను, ఆమె వెళ్లిపోవాలనే పెట్టాను. ఇంతే చెప్పాల్సింది. చెప్పుకున్నాక ఛాతీ మీద బరువు కొంచెం తగ్గింది, ఈ రాత్రి బహుశా నిద్ర పడుతుంది. స్వరూప రేపు పొద్దున కూడా ఆ ఫ్యాక్టరీ బండే ఎక్కుతుంది.